మాట మనది, చెవి వాళ్లది

మాసి మఖం నాడు పుదుచ్చేరిలోని వైత్తికుప్పం తీరంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఫిబ్రవరి, మార్చి నెలల మధ్య వచ్చే ఆ పండుగకు చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లందరినీ సముద్ర స్నానానికి ఊరేగింపుగా తెస్తారు. స్వామి ముందు నాదస్వరం, తవిల్ మేళం నడుస్తుంది. ఒక పల్లకి ముందు గంభీరనాట రాగంలో ఊరేగింపు వరస మల్లారి వాయిస్తుంటే, నాలుగు అడుగుల అవతల ఇంకో పల్లకి ముందు కల్యాణి మొదలవుతుంది. తవిళ్ల మోతలో మాటలు వినపడవు. పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న తండ్రులు, పూలు అమ్మే ఆడవాళ్లు, పడవల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న జాలర్లు అందరూ ఆ మోతలోనే నిలబడి వింటారు.

వాళ్లను ఆపి ‘ఇది ఏ రాగం?’ అని అడిగితే చాలామంది చెప్పలేరు. చెప్పాల్సిన అవసరం కూడా వాళ్లకు రాలేదు. వేదపురీశ్వరుడి గుడిలోనో, వరదరాజ పెరుమాళ్ సన్నిధిలోనో, మేనమామ పెళ్లిలోనో పుట్టినప్పటి నుంచి ఆ రాగాలు చెవిన పడుతూనే ఉన్నాయి. మనిషి పేరు తెలియకపోయినా ముఖం చూసి పోల్చుకున్నట్టు, వాళ్లు రాగాన్ని పోల్చుకుంటారు. తంజావూరు సీమకు ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లో శాస్త్రీయ సంగీతం టికెట్ కొని వెళ్లే సభలోకి రాకముందే వీధిలో ఉంది.

ఇదే ఊరికి ఏటా కొత్తగా వచ్చే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. జిప్‌మర్‌లో వైద్యం చదవడానికి, కాలాపేటలో ఉన్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో చేరడానికి, 800 కిలోమీటర్లకు పైగా దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న యానాం నుంచి ప్రభుత్వ పనుల మీద వస్తూ పోతూ ఉంటారు. కర్ణాటక సంగీతం మాటెత్తితే వీళ్లలో చాలామంది ‘అది మనకు అర్థం కాదండీ’ అనేస్తారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కొంత పొరపాటు ఉంది. కచేరీలో పక్క కుర్చీలో కూర్చున్న తమిళ పెద్దమనిషికి రాగం తెలుసు, తాళం తెలుసు, పాడేవాళ్ల గురువెవరో కూడా తెలుసు. కానీ పాటలో ఉన్న మాట ఆయనకు పరాయిది. ఏమీ తెలియదనుకుంటున్న తెలుగు కుర్రవాడికి ఆ మాట తల్లిభాష. త్యాగరాజు రాముణ్ని నిలదీస్తున్నాడా, బతిమాలుతున్నాడా, అలిగాడా అన్నది వాడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

తమిళదేశం నడిబొడ్డున పాట తెలుగులోకి ఎలా వచ్చిందన్నది ఒక్క మనిషి ఘనత కాదు. తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగులో కావ్యాలు, యక్షగానాలు రాయించారు, స్వయంగా రాశారు కూడా. వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా రాజులూ ఆ పద్ధతి మానలేదు. మేలట్టూరులో ఇప్పటికీ నృసింహ జయంతికి ఆడే భాగవత మేళ నాటకాలు తెలుగులోనే ఉంటాయి. 1767లో తిరువారూరులో పుట్టి, కావేరి ఒడ్డున తిరువైయారులో బతికిన త్యాగరాజు ఇంటిపేరు కాకర్ల. ఆ పేరు గల ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది. శ్యామశాస్త్రి కృతుల్లో కూడా ఎక్కువ భాగం తెలుగే. చివరకు తమిళమే మాతృభాష అయిన పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, పూచి శ్రీనివాస అయ్యంగార్ లాంటి వాగ్గేయకారులు కూడా వర్ణం కట్టాల్సి వస్తే తెలుగునే ఎంచుకున్నారు.

పుదుచ్చేరికి కూడా ఈ చరిత్రలో వాటా ఉంది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, తమిళంలో రాసుకున్న దినచర్యతో చరిత్రకెక్కిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) కవులను పోషించిన మనిషి. కస్తూరి రంగకవి ఆయన పేరిట తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణ గ్రంథం రాశాడు. ఫ్రెంచి తుపాకుల నీడలో, తమిళ ఊళ్లో, తెలుగు ఛందస్సు మీద పుస్తకం! పెద్ద మార్కెట్ దగ్గర ఆనందరంగ పిళ్ళై పేరున్న వీధిలో ఆయన ఇల్లు ఇంకా నిలిచి ఉంది. మహాత్మా గాంధీ రోడ్డులో ఉన్న కన్యకా పరమేశ్వరి ఆలయం కూడా ఈ ఊరి వ్యాపారంలో తెలుగువాళ్ల పాత అడుగుల్ని గుర్తుచేస్తుంది.

అయితే మాట తెలియకుండా పాట వినడం తమిళులకు ఎప్పుడూ సమ్మతం కాలేదు. 1908 నుంచి 1918 దాకా ఈ ఊళ్లోనే తలదాచుకున్న సుబ్రహ్మణ్య భారతి సంగీతం మీద రాసిన వ్యాసంలో, అర్థం తెలియకుండా పాడటాన్ని, అవే నాలుగు పాటల్ని మళ్లీ మళ్లీ పాడటాన్ని తప్పుపట్టాడు. తన పాటలకు తానే రాగాలు, తాళాలు పెట్టుకున్నాడు. 1940ల్లో రాజా అన్నామలై చెట్టియార్ అండతో, కచేరీల్లో తమిళ పాటలు పాడాలంటూ తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. 1985లో బాలచందర్ తీసిన ‘సింధుభైరవి’ సినిమాలో కచేరీ మధ్యలో ఒక అమ్మాయి లేచి, తమిళంలో ఎందుకు పాడరని పేరున్న విద్వాంసుణ్ని అడుగుతుంది. ఆ సన్నివేశానికి తమిళ హాళ్లలో అంత స్పందన రావడానికి వెనుక ఇంత కథ ఉంది.

ఈ గొడవను తెలుగువాళ్లు తమకు తగిలిన దెబ్బగా తీసుకోనక్కర్లేదు. పాట లోపలికి వెళ్లాలంటే మాట తెలియాలన్న కోరిక చాలా న్యాయమైనది. ఆ కోరిక పుట్టుకతోనే తీరిన తెలుగువాళ్లు, తీరిందన్న సంగతే గమనించకుండా ‘మనకు అర్థం కాదు’ అని తలుపు వేసుకోవడమే బాధ కలిగించే విషయం.

మాట చేతిలో ఉంది సరే, చెవి ఎలా వస్తుంది? ఇక్కడ సినిమా చేసిన మేలు అంతా ఇంతా కాదు. 1962లో తమిళంలో ‘కొంజుం సలంగై’ అనే సినిమా వచ్చింది. అందులో ‘సింగారవేలనే దేవా’ పాటను గుంటూరు సీమ ఆడపడుచు ఎస్. జానకి పాడారు. ఆమె గొంతుకు జవాబిస్తూ నాదస్వరం వాయించింది టి.ఎన్. రాజరత్నం పిళ్ళై శిష్యుడు కారుకురిచ్చి అరుణాచలం. సంగీతం ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు. ఆ సినిమానే తెలుగులో ‘మురిపించే మువ్వలు’ పేరుతో వచ్చింది. అదే వరసలో జానకి పాడిన ‘నీ లీల పాడెద దేవా’ తెలియని తెలుగిల్లు ఆ తరంలో లేదు. మాటలు మారాయి, స్వరం మారలేదు, నాదస్వరం మారలేదు. గొంతు ఒక గమకం తీస్తే నాదస్వరం దాన్నే తిరిగి పలుకుతుంది. నాదస్వరం ఇంకో మెట్టు ఎక్కితే గొంతు అక్కడికి వెళుతుంది. వేగం పెరిగే కొద్దీ ఏది మనిషి, ఏది వాద్యం అన్న తేడా పలచబడిపోతుంది.

ఆ పాట రాగం ఆభేరి. ఆరోహణలో రిషభం, ధైవతం ఉండవు; దిగేటప్పుడు రెండూ వస్తాయి. హిందుస్తానీలో భీంపలాస్ దీనికి దగ్గర చుట్టం. ఇంత శాస్త్రం మొదటి రోజే తెలియక్కర్లేదు. ‘నీ లీల పాడెద’ నాలుగైదు సార్లు విని, ఆ వెంటనే త్యాగరాజు ‘నగుమోము’ కృతిని మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో వినాలి. కొత్త శ్రోత ఎక్కడో ఒక చోట టక్కున ఆగుతాడు. ఈ మలుపు ఇంతకుముందు విన్నదే! ఆ క్షణాన రాగం అనేది పుస్తకంలో పేరుగా కాక, వినపడే మనిషిగా పరిచయమవుతుంది. పుదుచ్చేరిలో తమిళుడు ‘సింగారవేలనే’ దారిన, తెలుగువాడు ‘నీ లీల’ దారిన వచ్చి ఒకే ‘నగుమోము’ దగ్గర కలుసుకుంటారు. అక్కడికి చేరాక రాముడి నవ్వు ముఖం కోసం త్యాగరాజు పడే ఆరాటం తెలుగువాడికి నేరుగా తెలుస్తుంది.

మోహన రాగానికి ఇంకా సులువైన దారి ఉంది. ఇంట్లో పిల్లల కీబోర్డు ఉంటే చాలు. నల్ల మెట్లు మూడు ఒక గుంపుగా, రెండు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటి దానితో మొదలుపెట్టి, తెల్ల మెట్టు ముట్టకుండా నల్లవే వరుసగా నొక్కుతూ పోతే వినపడేది స రి గ ప ద. మోహనం స్వరాలు అవే. చైనా జానపద గీతాల్లో, స్కాట్లాండు పాటల్లో కూడా ఈ అయిదు స్వరాల మెట్లు కనిపిస్తాయి. వాటిని మోహనంగా మార్చేది స్వరాన్ని పట్టుకుని ఊపే పద్ధతి, గాంధారం మీద ఎంతసేపు నిలబడాలి, పంచమం నుంచి ధైవతానికి ఎలా జారాలి అన్న పట్టింపు. ‘మాయాబజార్’ (1957)లో ఘంటసాల, పి. లీల పాడిన ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మోహనమే. దాని పక్కన త్యాగరాజు ‘నను పాలింప’ పెట్టి వింటే, పడవ మీద వెన్నెల్లో తేలిన రాగమే భక్తుడి ఇంటి గుమ్మంలో ఎంత నిదానంగా, ఎంత గౌరవంగా నిలబడిందో తెలుస్తుంది. ఆ తర్వాత పూచి శ్రీనివాస అయ్యంగార్ ‘నిన్నుకోరి’ వర్ణం వింటే మోహనం వ్యాకరణమంతా అక్కడ దొరుకుతుంది.

ఒకేసారి పది రాగాల మీద పడటం కన్నా ఒక నెల పాటు ఒక రాగంతో కాపురం చేయడం మేలు. వేర్వేరు గొంతుల్లో, వీణ మీద, వేణువు మీద, నాదస్వరం మీద అదే రాగం వినాలి. యానాంకు కూతవేటు దూరంలోని ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రిని ఇచ్చింది, కాకినాడ చిట్టిబాబును ఇచ్చింది. ఇద్దరి వీణలూ తలొక దారి. బాలమురళి పుట్టిన శంకరగుప్తం కూడా ఆ గోదావరి సీమలోదే. యానాం కుర్రవాడు పుదుచ్చేరికి వచ్చి ‘మా వైపు సంగీతం లేదు’ అనడం ఏమాత్రం కుదరదు.

నాదస్వరం గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. ఈ ఊళ్లో ఉంటూ దాన్ని దగ్గర నుంచి చూడకపోవడం పెద్ద లోటు. గుడి మండపంలో మేళం కూర్చున్నప్పుడు పక్కకు వెళ్లి నిలబడితే ఎవరూ వద్దనరు. రెండున్నర అడుగులు దాటిన ఆ కొయ్య గొట్టాన్ని తమిళులు ఆచ్చా అనే చెట్టు కలపతో చేస్తారు. కుంభకోణం దగ్గరి నరసింగంపేటలో వాద్యం తయారుచేసేవాళ్లు పాత ఇళ్ల దూలాలుగా ఏళ్ల తరబడి ఎండిన కలపను ఏరి తెచ్చుకుంటారు. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊదే చోట పెట్టే పీకను సీవాళి అంటారు, రెల్లు లాంటి గడ్డితో చేస్తారు. అదనపు సీవాళులు, వాటిని సవరించే సన్నటి పుల్ల దారాలతో వాద్యానికే వేలాడుతుంటాయి. వాయించే ముందు విద్వాంసుడు పీకను నోట్లో తడిపి, ఒకటి రెండుసార్లు ఊది, నచ్చకపోతే ఇంకోటి మార్చుకుంటాడు. వేళ్లు ఆడే ఏడు రంధ్రాలు కాక కింద ఇంకా అయిదు ఉంటాయి. వాటిలో కొన్నింటిని మైనంతో మూసి శ్రుతి సరిచేసుకుంటారు. పక్కన తవిల్ వాయించేవారి కుడి చేతి వేళ్లకు గట్టి తొడుగులు కనిపిస్తాయి. గుడ్డ పేలికల్ని పిండి జిగురులో ముంచి, చుట్టి, ఆరబెట్టి చేసే తొడుగులు అవి. ఎడమ చేతిలో పొట్టి కర్ర. తెలుగు పెళ్లిళ్ల డోలు ఇదే కుటుంబం.

ఆ మేళంలో తెలుగు చేయి కూడా ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తరతరాల నాదస్వర కుటుంబం నుంచి వచ్చాడు. తంజావూరు బాణీ మీద మోజుతో నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర నేర్చుకున్నాడు. శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించాడు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. తెలుగు ముస్లిం ఇంటి బిడ్డ, తమిళ గుడి వాద్యం, రాముడి మీద త్యాగరాజ కృతి! ఆయన రికార్డులు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. కొత్త శ్రోత వాటిని తప్పక వినాలి.

ఇక కచేరీ. కొత్తవాళ్లను భయపెట్టేది దాని పొడవు, అందులో ఎప్పుడేం జరుగుతుందో తెలియకపోవడం. ఇప్పటి కచేరీ రెండు, రెండున్నర గంటలు. ఒకప్పుడు నాలుగు గంటలు దాటేది. ఈ రోజు మనం చూసే వరుసను స్థిరపరిచింది అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967). ముందు గొంతు వేడెక్కడానికి వర్ణం, తర్వాత వినాయకుడి మీద చిన్న కృతి. చాలాసార్లు అది హంసధ్వనిలో ముత్తుస్వామి దీక్షితుల ‘వాతాపి గణపతిం’. ఆ హంసధ్వని రాగాన్ని కనిపెట్టింది దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు. ఆ తర్వాత రెండు మూడు కృతులు నడిచాక ప్రధాన రాగం వస్తుంది. మాటల్లేకుండా, తాళం లేకుండా గాయకుడు రాగాన్ని మెల్లగా విప్పుతాడు, అదే ఆలాపన. కింది స్థాయిలో మొదలై, ఒక్కో స్వరం దగ్గర ఆగి, పైకి వెళ్లి, తిరిగి దిగి వస్తాడు. ఆయన ఆపగానే వయొలిన్ అదే దారిలో తన మాట చెబుతుంది.

తర్వాత కృతి ఎత్తుకుంటారు. ఇక్కడే కొత్త శ్రోతకు విసుగు పుట్టే ప్రమాదం ఉంది. ఒకే పల్లవి మళ్లీ మళ్లీ పాడతారేమిటి? వాటిని సంగతులు అంటారు. ‘చక్కని రాజమార్గము’ అని ఖరహరప్రియలో ఎత్తుకున్నప్పుడు మొదటిసారి గీత గీసినట్టు సాదాగా ఉంటుంది. రెండోసారి చివర చిన్న మెలిక, మూడోసారి మధ్యలో ఒక ఎత్తు. అలా పెరిగి పెరిగి, రాచబాట ఉండగా సందులు ఎందుకు దూరాలన్న త్యాగరాజు ప్రశ్న చివరికి హాలంతా నిండిపోతుంది. మాట తెలిసిన శ్రోతకు ఆ పెరుగుదలలో అర్థం కూడా పెరుగుతుంది. ఆ తర్వాత ఒక పంక్తి తీసుకుని, మాటలు మార్చకుండా రాగంలో రకరకాలుగా పరిస్తే నెరవల్. అదే చోట సరిగమలతో అల్లితే కల్పన స్వరాలు.

ఒక చిక్కు ఉంది, దాన్ని దాచిపెట్టడం సరి కాదు. తెలుగు రానివాళ్లు పాడేటప్పుడు పదాలు కొన్నిసార్లు విరగకూడని చోట విరుగుతాయి. ఒత్తులు తేలిపోతాయి. తెలుగు చెవికి అది ముల్లులా తగులుతుంది. కానీ అక్కడే ఆగిపోతే నష్టం వినేవాడికే. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి మదురై బిడ్డ. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఆమె అన్నమయ్య పాటలు పాడినప్పుడు ఒక్కో అక్షరం ఎంత శ్రద్ధగా పలికారో విన్నవాళ్లకు తెలుసు. భాష రానివాళ్లు ఇంత కష్టపడి మన పాటను ఇన్ని తరాలు మోశారు. మనం వాళ్ల దగ్గర రాగం వినడానికి కాస్త ఓపిక పట్టడం పెద్ద విషయమేమీ కాదు. పైగా రెండు వందల ఏళ్ల నాటి త్యాగరాజు తెలుగు అందరికీ ఒక్క వినికిడిలో అందదు. సాహిత్యం ముందే ఒకసారి చదువుకుని వెళితే కచేరీ రెండింతలు దక్కుతుంది.

తాళం చేతికి వస్తే కచేరీలో నిద్ర రాదు. ఆదితాళం నేర్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఇది నాలుగు. మళ్లీ దెబ్బ, చేయి తిప్పి విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. వింటున్న పాటల్లో సగానికి పైగా ఈ లెక్కలోనే ఉంటాయి. మొదట్లో తప్పిపోతే పక్కవాళ్ల చేయి చూసి కలుపుకోవచ్చు. పుదుచ్చేరిలో అలాంటి చేతులకు కరువు లేదు, అలా చూసి నేర్చుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రధాన కృతి చివర మృదంగానికి విడిగా సమయం ఇస్తారు. ఘటమో కంజీరానో ఉంటే అవి కూడా చేరతాయి. దాన్ని తని ఆవర్తనం అంటారు. అప్పుడే చాలామంది కాఫీకి లేస్తారు. అది అన్యాయం. కచేరీకి ముందు మృదంగం ఎడమ మూత మీద రవ్వ తడిపి ముద్దగా అంటించి, గంభీరమైన మోత వచ్చేదాకా సరిచేసుకున్న మనిషి ఆయన. రెండు గంటలు ఇంకొకరి పాటకు వెన్నుదన్నుగా నిలిచి, ఇప్పుడు పది పదిహేను నిమిషాలు తన మాట చెప్పుకుంటున్నాడు. ఎనిమిది అక్షరాల చట్రంలో అయిదులు, ఏడులు పేర్చుకుంటూ వెళ్లి, చివర ముక్తాయింపు మూడుసార్లు వాయించి, సరిగ్గా పల్లవి ఎత్తుకునే చోటికి వచ్చి పడతాడు. చేత్తో తాళం వేస్తూ ఆ చోటికి చేరుకున్నవాళ్లు తమకు తెలియకుండానే ‘శభాష్’ అంటారు.

పుదుచ్చేరి ఫ్రెంచి ఊరు కూడా కాబట్టి పాశ్చాత్య సంగీతం గురించి ఒక మాట. ఏటా జూన్ 21న ఇక్కడ ఫ్రెంచివాళ్ల సంగీత పండుగ జరుగుతుంది. 1982లో ఫ్రాన్సులో మొదలైన ఆనవాయితీ అది. శ్రీ అరవిందాశ్రమంలో శ్రీమాత ఆర్గాన్ వాయించేవారు. ఆశ్రమంలో నూతన సంవత్సర సంగీతాన్ని సునీల్ భట్టాచార్య ఏళ్ల తరబడి కూర్చారు. పాశ్చాత్య, కర్ణాటక సంగీతాలకు ఉన్న పాత స్నేహం మాత్రం ఇంకా ముందుది. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం కట్టాడు. అవే నొట్టుస్వరాలు, దాదాపు 40. ‘సంతతం పాహిమాం’ వింటే బ్రిటిష్ రాజగీతం వరస వెంటనే తెలిసిపోతుంది. బ్యాండు సంగీతానికి అలవాటుపడ్డవాళ్లకు శంకరాభరణం రాగంలోకి వెళ్లడానికి ఇది తిన్నని దారి. 1986లో ఇళయరాజా తన ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌ను త్యాగరాజుకు, బాహ్‌కు కలిపి అంకితమిచ్చినప్పుడు ఈ పాత స్నేహమే మళ్లీ పలికింది.

విన్నది చాలక పాడాలని బుద్ధి పుట్టినవాళ్లకు ఊరి పక్కనే అరియాంకుప్పంలో భారతియార్ పల్కలైకూడం ఉంది. ప్రభుత్వం నడిపే ఈ కళాశాలలో గాత్రం, వాద్యం, నాట్యం, చిత్రకళ నేర్పి డిగ్రీలు ఇస్తారు. ఉద్యోగం చేసుకునే పెద్దవాళ్లకు ఇళ్ల దగ్గర పాఠాలు చెప్పే గురువులు ఉన్నారు. నలభై ఏళ్ల వయసులో మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెట్టడానికి సిగ్గుపడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ‘శంకరాభరణం’ (1980) పాటలు పాడి జాతీయ పురస్కారం అందుకున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. కె.వి. మహదేవన్ కట్టిన వరసల్ని విని, పట్టుకుని, సాధన చేసి పాడాడు. విద్వాంసుడు కావడం వేరు, నాలుగు స్వరాలు శ్రుతిలో నిలపగలగడం వేరు. రెండోది చేతనైనా వినే చెవి మారిపోతుంది. తంబురా శ్రుతి ఇప్పుడు ఫోన్‌లోనే వస్తుంది. దాన్ని పెట్టుకుని పొద్దున్నే స ప స పాడుకునేవాళ్లు, సాయంత్రం కచేరీలో గాయకుడు పంచమం మీద ఎంత నిబ్బరంగా నిలబడ్డాడో ఊరికే గుర్తుపడతారు.

పుష్య బహుళ పంచమి నాడు తిరువైయారుకు బస్సెక్కితే త్యాగరాజ ఆరాధన చూడవచ్చు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్న కృతుల్ని వందల గొంతులు కలిపి పాడతాయి. మొదటి కృతి తప్ప తక్కిన నాలుగూ తెలుగు. త్యాగరాజు సమాధి దగ్గర మందిరం కట్టించి, అక్కడ ఆడవాళ్లు పాడే హక్కు కోసం పోరాడిన బెంగళూరు నాగరత్నమ్మ అంతకు ముందు, 1910లో, ముద్దుపళని తెలుగు కావ్యం ‘రాధికా సాంత్వనము’ను అచ్చు వేయించిన మనిషి. పాడటం రానివాళ్లు కూడా సాహిత్యం పుస్తకం చేత్తో పట్టుకుని ఆ పందిట్లో కూర్చోవచ్చు.

డిసెంబరు వస్తే దారి ఉత్తరానికి. సముద్రపు రోడ్డు వెంట 150 కిలోమీటర్లు వెళితే చెన్నై. 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీతో సహా సభలన్నీ ఆ నెలంతా కళకళలాడతాయి. పేరున్న విద్వాంసుల సాయంత్రం కచేరీలకు టికెట్టు ముందే తీసుకోవాలి. పగటి పూట పాడే కుర్ర గాయకుల కచేరీలకు చాలా సభల్లో టికెట్టే ఉండదు. అకాడమీలో పొద్దుటి సోదాహరణ ప్రసంగాలకు ఎవరైనా వెళ్లవచ్చు. తెల్లవారుజామున పుదుచ్చేరిలో బస్సెక్కిన మనిషి ఒక ప్రసంగం, రెండు కచేరీలు విని, మధ్యలో సభ క్యాంటీన్‌లో భోజనం చేసి, రాత్రి బస్సుకు ఇంటికి చేరవచ్చు. చిన్నవాళ్ల కచేరీల్లో హాలు సగం ఖాళీగా ఉంటుంది కాబట్టి ముందు వరుసలో చోటు దొరుకుతుంది. ఫలానా కృతి పాడమని చీటీ రాసి పంపినా వాళ్లు సంతోషంగా పాడతారు.